ముందు వంటింట్లోకి చెప్పులు కొనుక్కోండి

మా స్టాఫ్ రూములో ఈ మధ్య పాదాల ముచ్చట ఎక్కువైంది. కొత్తగా చేరిన కెమిస్ట్రీ లెక్చరర్‌కి మడమ నొప్పి. ఎముకల డాక్టరు చూసి, అరికాలి వంపు బాగా ఎత్తుగా ఉంది, సపోర్ట్ ఉన్న షూ వాడండి అని పంపించాడట. అప్పట్నించీ ఆవిడ కనబడ్డవాళ్లందర్నీ ఏ షూ కొనమంటారని అడుగుతోంది. ఒకరు ఒక బ్రాండు చెప్తే ఇంకొకరు అది దండగంటారు. నావీ హై ఆర్చ్ బాపతు పాదాలేనని తెలిసి నా దగ్గరికీ వచ్చింది. ఇంట్లో ఏం వేసుకుంటారు అని అడిగాను. "ఇంట్లో ఏముంటాయి మేడమ్, ఉత్తి కాళ్లే" అంది.

నా పేచీ అంతా ఆ మాటతోనే. మన ఇళ్లల్లో హై ఆర్చ్ ఉన్న మనిషి మొదట కొనుక్కోవలసింది ఇంట్లో తొడుక్కునే చెప్పులు. షూ తర్వాతి సంగతి. ఏడెనిమిది వేలు పోసి కొన్న షూని రోజుకి ముప్పావుగంట వాకింగ్‌కి వాడి, మిగతా టైమంతా విట్రిఫైడ్ టైల్స్ మీద ఉత్తి కాళ్లతో నిలబడితే ఆ డబ్బు ఎందుకు పెట్టినట్టు? పొద్దున డికాషన్ వేసింది మొదలు కారియర్లు సర్దేదాకా, సాయంత్రం కూర తరగడం నుంచి గట్టు తుడిచేదాకా, స్టవ్ ముందు గడిచే టైముని ఎవరూ నడక కింద లెక్కెయ్యరు. నిజానికి అది నడకకన్నా కష్టం. నడిచేటప్పుడు బరువు మడమ నుంచి వేళ్లదాకా జరుగుతూ పోతుంది. నిలబడితే మోసిన చోటే మోస్తూ ఉంటుంది.

పాత స్పాంజి చెప్పు చూడండి

తడి కాలితో నేల మీద అడుగేసి, పడిన ముద్రని బట్టి వంపు ఎంతుందో చూసే పరీక్ష అందరికీ తెలిసిందే. నాకు అంతకన్నా నమ్మకమైన సాక్ష్యం పాత చెప్పు. మా బాత్రూము పక్కన పడుండే నీలం స్పాంజి చెప్పులు నావి. మడమ ఆనే చోట నల్లగా, లోతుగా గుంట పడింది. వేళ్ల మొదట్లో ఇంకో గుంట, చిటికెనవేలి వైపు మరీ లోతు. ఈ రెండు గుంటలకీ మధ్య, కొన్నప్పుడు ఉన్న సన్నటి గుబ్బల డిజైను ఒక్కటీ అరగకుండా అలాగే ఉంది. తిరగేస్తే మడమ బయటి అంచు ఏటవాలుగా చెక్కేసినట్టు అరిగింది. లోపలి అంచు మీద గీతలు ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయి.

పాదాన్ని ముక్కాలిపీట అనుకుంటే మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు దానికి మూడు కాళ్లు. మామూలు పాదంలో బయటి అంచు పొడవునా నేలకి ఆని అదీ కొంత బరువు పంచుకుంటుంది. వంపు బాగా ఎత్తుగా ఉన్న పాదంలో ఆ పంపకం సరిగ్గా జరగదు. అందుకే మడమ నొప్పులు, వేళ్ల మొదట్లో మంటలు, ఆనెకాయలు. పైగా చాలామందిలో మడమ కాస్త లోపలికి తిరిగి ఉంటుంది. దానితో బరువు బయటి అంచు మీద పడి, రోడ్డు మీద చిన్న గులకరాయి తగిలినా చీలమండ బెణుకుతుంది. ఇంకో తంటా ఏమిటంటే ఈ పాదం బిగుసుకుని ఉంటుంది. వంపు లేని చదునుపాదం నేలకి తగ్గట్టు సాగి అదురుని కొంత తనలోనే ఇముడ్చుకుంటుంది. మన పాదం అలా సాగదు. పిక్కలు కూడా చాలామందికి పట్టేసినట్టే ఉంటాయి.

కాబట్టి మన కాలికి కావలసినవి మూడు. నేలకి ఆనే జాగా పెరగాలి, అదురు తగ్గాలి, కాలు బయటికి ఒరక్కూడదు. బజారులో మొదటిదాన్ని అమ్మేవాళ్లు రెండోది మర్చిపోతారు. రెండోదాన్ని అమ్మేవాళ్లకి మూడోది గుర్తుండదు.

మెత్తగా ఉంటే చాలదు

డాక్టరు చీటీలోనైనా, మందుల షాపతని సలహాలోనైనా మనకి మొదట వినబడే పేరు ఎం.సి.ఆర్. చెప్పులు. మైక్రో సెల్యులర్ రబ్బరు అన్నమాట. దాని వెనక చాలా గౌరవించదగ్గ చరిత్ర ఉంది. కుష్ఠువ్యాధి వల్ల అరికాలిలో స్పర్శ పోయినవాళ్లకి పుళ్లు పడకుండా ఎలాంటి చెప్పులు చెయ్యాలా అని వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జను, ఆయనతో పాటు ఇంకొందరు ఏళ్ల తరబడి పనిచేశారు. ఇప్పటికీ మన దేశంలో కుష్ఠు బాధితులకి సర్కారు కార్యక్రమం కింద ఉచితంగా ఇచ్చేవి ఎం.సి.ఆర్. చెప్పులే. షుగర్ ఉన్నవాళ్లకి రాసేవీ ఎక్కువగా అవే.

స్పర్శ లేని కాలికి ఒక్కచోటే ఒత్తిడి పడకుండా చూడటం ఆ రబ్బరు పని. ఆ మేరకు అది మనకీ పనికొస్తుంది. కానీ షాపుల్లో ఆ పేరుతో దొరికే జతలు చాలామటుకు బల్లపరుపుగా, పైనుంచి కిందిదాకా ఒకటే మెత్తన. మడమని పట్టుకునే అంచు ఉండదు. అసలే బయటికి ఒరిగే కాలు మెత్తటి సోలు మీద ఇంకాస్త ఒరుగుతుంది. వేసుకున్న రోజు సుఖంగా ఉంటుంది. కొన్నాళ్లకి బయటివైపు నలిగి, కాలు ఆ పల్లంలోకే జారడం మొదలుపెడుతుంది.

నేను చూసుకునేవి ఇవీ. బొటనవేలితో నొక్కితే పై పొర దిగాలి, కింది పొర మొరాయించాలి. మడమ కూర్చోడానికి గుంట, దాని చుట్టూ అంచు ఉండాలి. రెండు చేతుల్తో మెలితిప్పితే అంత సులువుగా మెలిపడకూడదు. వంచితే వేళ్ల మొదట్లో వంగాలి గానీ నడుముకి విరిగినట్టు మధ్యలో వంగకూడదు. మడమ కింద సోలు వెడల్పుగా ఉండాలి. వెనక పట్టీ ఉంటే మరీ మంచిది. పట్టీ లేని చెప్పు జారిపోకుండా అడుగడుక్కీ వేళ్లు ముడుచుకుని పట్టుకోవాలి, హై ఆర్చ్ పాదాల్లో వేళ్లు మామూలుగానే ముడుచుకుపోతూ ఉంటాయి. ఇవన్నీ చూసుకున్నాక షాపులోనే ఒంటికాలి మీద కాసేపు నిలబడతాను. కాలు బయటికి తూలుతుంటే ఆ జత ఎంత మెత్తగా ఉన్నా అక్కడే పెట్టేస్తాను. సేల్స్ కుర్రాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ.

గుచ్చేదంతా సపోర్ట్ కాదు

ఈ మధ్య హైదరాబాదులో ఒక షాపులో నాకు చూపించిన చెప్పులో మధ్యన గట్టి బుడిపె లాంటిది ఉంది. అడుగు వెయ్యగానే అరికాలిలో ఒకేచోట పొడిచింది. "ఆర్చ్ సపోర్ట్ అది మేడమ్, కొత్తల గుచ్చుతది. వారం వాడితే సెట్ అయితది" అన్నాడు కుర్రాడు.

అతని మాటలో సగం నిజం ఉంది. కాలి కొలతలు తీసి చేయించుకునే ఇన్‌సోల్‌ని, అంటే షూ లోపల అరికాలి కింద పెట్టుకునే అట్టని కూడా మొదట్లో రోజుకి గంటా రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పొమ్మంటారు. ఇన్నాళ్లూ గాల్లో ఉన్న చోట ఏదో తగులుతుంటే వింతగానే ఉంటుంది. కానీ వింతగా ఉండటం వేరు, పొడవటం వేరు. మనకి కావలసిన సపోర్ట్ ఆ ఖాళీని మడమ ముందు నుంచి వేళ్ల మొదలుదాకా మెల్లిగా నింపుకుంటూ పోవాలి. అప్పుడే మడమ మీదా వేళ్ల మొదట్లోనూ పడే బరువులో కొంత మధ్యభాగం తీసుకుంటుంది. ఒక్కచోట బుడిపె పెడితే ఇంకో నొప్పి తెచ్చుకున్నట్టే.

ఇంకో సంగతి. ఆర్చ్ సపోర్ట్ అని అమ్మేవాటిలో బోలెడన్ని చదునుపాదాల్ని మనసులో పెట్టుకుని చేసినవే. వాళ్ల కాలు లోపలికి కుంగుతుంది కాబట్టి లోపలివైపు ఎత్తి, గట్టి ఫోమ్ పెడతారు. రన్నింగ్ షూలలో స్టెబిలిటీ అనీ మోషన్ కంట్రోల్ అనీ రాసి ఉండేవి ఆ జాతివే. అసలే బయటికి ఒరిగే మన కాలిని అవి ఇంకా బయటికి నెడతాయి. మనం అడగవలసింది న్యూట్రల్ రకం, అంటే కాలిని ఏ వైపుకీ నెట్టనిది, అందులో కుషన్ బాగా ఉన్నది. "సపోర్ట్ ఉన్న షూ" అని ఒక్క ముక్క రాసి పంపించే డాక్టర్లతో నా తగువు ఇదే. ఆ ముక్క పట్టుకుని షాపుకి పోతే చేతికి వచ్చేది చాలాసార్లు పక్కవాడి కాలికి పనికొచ్చే షూ.

నన్ను ఇబ్బంది పెట్టే లెక్కలు

ఇంత నమ్మకంగా చెప్తున్నాను గానీ, నా వాదానికి ఎదురు నిలబడే పరిశోధన ఒకటుంది. అమెరికా సైన్యంలోనూ, వైమానిక దళంలోనూ, మెరైన్లలోనూ కొత్తగా శిక్షణకి వచ్చినవాళ్ల మీద చేసి, 2009, 2010ల్లో ప్రచురించిన అధ్యయనాలు. కొందరికి అరికాలి ఆకారాన్ని బట్టి షూ ఇచ్చారు. చదునుపాదానికి మోషన్ కంట్రోల్, మధ్యరకానికి స్టెబిలిటీ, ఎత్తు వంపుకి కుషన్ ఉన్నది. మిగతావాళ్లకి పాదం ఎలా ఉన్నా అందరికీ ఒకటే స్టెబిలిటీ షూ. చివరికి దెబ్బల లెక్క తీస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు చోట్లా దాదాపు అదే కథ. ఇది చదివిన రోజు, మరి ఇంత ఆలోచించి షూ ఎంచుకోవడం ఎందుకు అని నాకే అనిపించింది.

మళ్లీ ఆలోచిస్తే, అక్కడ అడిగిన ప్రశ్నే వేరు. వాళ్లంతా చిన్న వయసువాళ్లు, శిక్షణకి పనికొస్తారని ఏరి తీసుకున్నవాళ్లు. నొప్పి లేనివాళ్లకి రాబోయే దెబ్బని షూ ఆపుతుందా అన్నది అక్కడి ప్రశ్న. నొప్పి వచ్చి కూర్చున్న మనిషి అడిగేది అది కాదు, ఉన్న నొప్పి తగ్గుతుందా అని. ఆ రెండో ప్రశ్నకి 2006లో ఆస్ట్రేలియాలో జాషువా బర్న్స్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన దగ్గరగా ఉంటుంది. హై ఆర్చ్‌తో పాటు దీర్ఘకాలంగా నొప్పి కూడా ఉన్న 154 మందిని తీసుకుని, కొందరికి వాళ్ల కాలి కొలతకి చేసిన ఇన్‌సోల్, కొందరికి ఉత్తుత్తి ఇన్‌సోల్ ఇచ్చారు. 3 నెలల తర్వాత కొలత ప్రకారం చేసిన ఇన్‌సోల్ వాడినవాళ్లకే నొప్పి బాగా తగ్గింది. రెండోవాళ్లకీ కొంత తగ్గిందనుకోండి. ఖరీదైన ఇన్‌సోల్ వేసుకుని "ఎంత హాయిగా ఉందో" అనేవాళ్ల మాట వినేటప్పుడు ఆ కొంతని నేను గుర్తుంచుకుంటాను.

ఈ రెండూ కలిపి చూస్తే నాకు తేలిందేమిటంటే, వంపు ఎత్తుగా ఉన్నంత మాత్రాన ఎవరూ కంగారు పడక్కర్లేదు. నొప్పి లేకపోతే సుఖంగా అనిపించిన జత వేసుకుని తిరగడమే. కాలిముద్ర చూసి, మెషిన్ మీద నిలబెట్టి, ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూపే ఎర్రరంగూ పసుపురంగూ బొమ్మ ముందు పెట్టి, నొప్పి లేనివాళ్లకి కూడా ఇన్‌సోళ్లు అంటగట్టడం నాకు నచ్చదు.

షాపుకి అసలు వెళ్లకూడని సందర్భం కూడా ఒకటుంది. వంపు ఒక్క కాలికే ఉన్నా, పెద్దయ్యాక పెరుగుతూ వస్తున్నా, వేళ్లు గోళ్లతో నేలని పట్టుకున్నట్టు వంకరపోతున్నా, తిమ్మిర్లు ఉన్నా, ఉత్తపుణ్యానికే కాలు తట్టుకుని పడుతున్నా చూపించుకోవలసింది నరాల డాక్టరుకి. వెన్నులో తేడా ఉన్నా అరికాలి వంపు ఇలా మారొచ్చు. 1886లో షార్కో, మరీ, టూత్ అనే ముగ్గురు వైద్యులు వర్ణించిన నరాల జబ్బు ఒకటి వాళ్ల పేర్లతోనే చెలామణిలో ఉంది. అది కుటుంబాల్లో వస్తుంది, దాని ముఖ్యమైన గుర్తుల్లో హై ఆర్చ్ ఒకటి. ఇంట్లో నలుగురికి ఇలాంటి పాదాలే ఉంటే "మా వంశంలో అంతే" అని ఊరుకోకుండా ఒకసారి అడగడం మంచిది.

ఉత్తి కాళ్ల పక్షం

ఇంట్లో చెప్పులు వేసుకోమని అనగానే వచ్చే మొదటి జవాబు, మన తాతలు చెప్పుల్లేకుండానే బతకలేదా అని. మా ఫ్యామిలీ గ్రూపులో ఈ మాటకి తోడు ఒక పరిశోధన కూడా తిరుగుతూ ఉంటుంది. ఆ పరిశోధన నిజమైనదే, మన దేశంలోదే. 1992లో ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసఫ్ అనే కర్ణాటక వైద్యులు 2300 మంది పిల్లల కాలిముద్రలు తీసి చూశారు. బూట్లు చెప్పులు వేసుకునే పిల్లల్లో చదునుపాదం 8.6 శాతం, వేసుకోనివాళ్లలో 2.8 శాతం. ముందువైపు మూసుకుపోయిన బూట్లు వేసుకునేవాళ్ల లెక్క అన్నిటికన్నా ఎక్కువ. చాలా మంచి పని. పిల్లల్ని ఇంట్లో ఉత్తి కాళ్లతో తిరగనివ్వండి అని నేనూ దాన్ని చూపించే చెప్తాను.

కానీ అందులో లెక్కపెట్టింది చదునుపాదాన్ని. ఉత్తి కాళ్లతో తిరిగితే వంపు బాగా ఏర్పడుతుందని దాన్నిబట్టి అనుకోవచ్చు. మాకు ఉన్న వంపే ఎక్కువైంది కదా స్వామీ!

ఇక తాతల సంగతి. మట్టి అలికిన నేలా, పొలం గట్టూ వాళ్ల కాలి కింద కాస్త ఒత్తుకునేవి. నాపరాళ్ల అరుగులూ గచ్చులూ అప్పుడూ ఉన్నాయి, కాదనను. కానీ వాటి మీద కూర్చునేవాళ్లు, పడుకునేవాళ్లు. వంట కూడా కింద కూర్చునే చేసేవాళ్లు. గట్టు పొయ్యిలు వచ్చాకే ఆడవాళ్లు నిలబడి వండటం మొదలైంది. ఇప్పుడు గ్రానైటు మీద నిలబడి గ్రానైటు గట్టు మీద వండుతున్నాం. తాతమ్మల కాళ్లని మన కాళ్లతో పోల్చేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

మా బావగారు ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. ఆయనవీ నాలాంటి పాదాలే. మండలం రోజులూ చెప్పుల్లేకుండా తిరిగినా నాకేం కాలేదమ్మా అంటారు. నిజమే, ఏం కాలేదు. ఆయన దీక్షలో ఉన్నన్నాళ్లూ తెల్లారగట్ల గుడికీ, సాయంత్రం భజనకీ నడుస్తారు, మధ్యలో ఆఫీసులో కుర్చీలో ఉంటారు. ఆ వంట, ఆ భిక్ష, ఆ గిన్నెల దగ్గర నిలబడేది మా అక్క. మడమ నొప్పి ఆవిడకి వచ్చింది, ఆవిడవి మామూలు పాదాలే. ఒక్క ఇంటిని చూసి సిద్ధాంతం చెయ్యకూడదని తెలుసు. కానీ ఎవరి కాళ్లు ఎంతసేపు ఎక్కడ ఉన్నాయో చూడకుండా ఉత్తి కాళ్ల మహిమ గురించి మాట్లాడటం నాకు రుచించదు.

గుమ్మం దాటని జత

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మా ఇంట్లోనే ఎదురైంది. "ఇంట్లో చెప్పులేంటమ్మా, అదీ వంటింట్లో! లక్ష్మీదేవి నిలుస్తుందా?" అన్నారు అత్తయ్య. దీన్ని చాదస్తమని కొట్టిపారెయ్యలేను. వీధిలో తొక్కినవన్నీ ఇంట్లోకి తేవద్దనే పద్ధతి మంచిదే, చాలా మంచిది. నేను అడిగింది ఆ పద్ధతి మానెయ్యమని కాదు. "ఇవి గడప దాటవు అత్తయ్యా, సబ్బుతో కడుగుతాను, దేవుడి గది ముందు విప్పేస్తాను" అన్నాను. ఆవిడ ఒక షరతు పెట్టారు, నైవేద్యం వండేటప్పుడు వద్దని. సరేనన్నాను. పండగ రోజుల్లో స్టవ్ ముందు మందపాటి రబ్బరు చాప వేసుకుంటున్నాను. ఒప్పందం బాగానే నడుస్తోంది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం అత్తయ్య నా కాళ్ల వైపు చూసి, వాళ్లడక్కుండానే "డాక్టరు వేసుకోమన్నాడు లెండి" అంటారు. ఏ డాక్టరూ అనలేదు.

చాప ఒక్కటే చాలదా అని కొందరు అడుగుతారు. చాప అదురు తగ్గిస్తుంది, వంపు కింద ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఫ్రిజ్ దగ్గరికో సింకు దగ్గరికో వెళ్లేసరికి చాప దిగిపోతాం. ఇంటి చెప్పుకి తడి టైల్ మీద జారని సోలు కావాలి, నీళ్లు పీల్చని పై పొర కావాలి. ఆ రెండూ చూసుకోకుండా మెత్తగా ఉందని కొంటే వంటింట్లో జారిపడి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

ఇక షూ

ఇంట్లోకి ఒక జత కొన్నాక షూకి రండి. హై ఆర్చ్‌లో మీగాలు కూడా ఎత్తుగా ఉంటుంది కాబట్టి లేసులు లేని షూలోకి కాలు దూరడమే కష్టం, దూరినా పైన నొక్కేస్తుంది. లేసులో వెల్‌క్రోనో ఉన్నది తీసుకోండి. నొక్కుతున్న చోట ఒక్క వరస అడ్డం వేయకుండా, లేసుని పక్కలనుంచే పైకి పోనిస్తే ఆ నొప్పి పోతుంది. ఇన్‌సోల్ ఊడివచ్చేదై ఉండాలి, లోపల లోతు ఉండాలి, అప్పుడే మీ ఇన్‌సోల్ పెట్టుకోడానికి చోటుంటుంది. మడమ ముందుభాగంకన్నా కాస్త ఎత్తులో ఉంటే పట్టేసిన పిక్కలకి సులువు. అలాగని హై హీల్స్ వేసుకుంటే బరువంతా వేళ్ల మొదట్లోకి తోసేస్తాయి. కాళ్లు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట వెళ్లి కొనడం మంచిది.

మాలాంటి వాళ్లకి అసలు చిక్కు చీర కిందకి ఏం వేసుకోవాలన్నది. క్లాసులో పాఠం చెప్పేంతసేపూ నిలబడే ఉండాలి. స్పోర్ట్స్ షూ వేసుకెళ్తే పిల్లలకన్నా ముందు స్టాఫ్ రూము నవ్వుతుంది. చాలామంది బెల్లీస్‌కి, అంటే ముందు మూసి ఉండే పలచటి చదును జోళ్లకి పోతారు. మన కాలికి అంతకన్నా పనికిరానిది లేదు. సోలు పలచన, లోతు లేదు, మడమ పట్టు లేదు. వెడల్పు హీలు అంగుళం లోపు ఉండి, మీగాలి మీద సర్దుకునే పట్టీ, వెనక పట్టీ ఉన్న శాండల్ నయం. కానీ ఆడవాళ్ల వరసలో దొరికేవి పట్టీలు సన్నగా, అడుగు పలచగా, పైన రాళ్లూ పూసలూ.

తిరిగి తిరిగి నేను కొన్నది మగవాళ్ల వరసలోంచి, 6 నంబరు నల్ల శాండల్. లోతు, అంచు, పట్టీలు అన్నీ కుదిరాయి. ఇదే అచ్చులో లేడీస్‌కి ఎందుకు చెయ్యరు అని అడిగాను. "లేడీస్ ఇసొంటివి అడగరు మేడమ్, డిజైన్ అడుగుతరు" అంటూ నాకే బిల్లు రాసిచ్చాడు.